ముల్కీ నుంచి ఫ్రీజోన్ దాకా: కోర్టు మెట్లెక్కిన స్థానికత

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చరిత్రను అసెంబ్లీ చర్చల్లో కన్నా ఉద్యోగాల కేసుల్లో చదివితే బాగా అర్థమవుతుంది. సర్కారు కొలువుకు స్థానికుడెవరన్న ఒక్క ప్రశ్న మీద వెలువడ్డ తీర్పులు రాష్ట్రాన్ని మూడుసార్లు కుదిపేశాయి.

దీని మూలం నిజాం పాలనలో ఉంది. 1919 నాటి ఫర్మానా ప్రకారం హైదరాబాద్ సంస్థానంలో 15 ఏళ్లు నివసించినవారే ముల్కీలు, వారికే ఉద్యోగాలు. సంస్థానం విలీనమయ్యాక బయటివారి రాక పెరిగింది. 1952లో ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ ఉద్యమం లేచింది, సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. 1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణవారి ఉద్యోగాలకు భరోసా ఇచ్చింది. ఆ మాటను నిలబెట్టడానికి పార్లమెంటు 1957లో నివాసార్హత చట్టం చేసింది.

ఆ చట్టం 1969లో కూలింది. తెలంగాణ ఉద్యమ ఒత్తిడితో ప్రభుత్వం జనవరిలో జీవో 36 తెచ్చి, నిబంధనలకు విరుద్ధంగా చేరిన ఆంధ్ర ప్రాంత ఉద్యోగులను తెలంగాణ నుంచి పంపించే ప్రయత్నం చేసింది. వారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. మార్చి 28న ఏ.వి.ఎస్. నరసింహారావు కేసులో తీర్పు వచ్చింది. రాజ్యాంగంలోని 16(3) అధికరణం కింద పార్లమెంటు రాష్ట్రం మొత్తానికి నివాసార్హత పెట్టవచ్చు, రాష్ట్రంలో ఒక భాగానికి పెట్టకూడదు అని న్యాయస్థానం చెప్పింది. తెలంగాణ యువత తమకిచ్చిన మాట పోయిందనుకుంది. ఉద్యమం మరింత రాజుకుంది.

మరి చట్టం కొట్టేస్తే పాత ముల్కీ నిబంధనలు బతికున్నట్టా, పోయినట్టా? 1972 ఫిబ్రవరిలో హైకోర్టు ఫుల్ బెంచ్ పోయాయంది. అదే ఏడాది అక్టోబరు 3న సుప్రీంకోర్టు, 35(బి) అధికరణం వాటిని కాపాడిందని, పార్లమెంటు రద్దు చేసేదాకా అవి అమల్లో ఉంటాయని తేల్చింది. ఈసారి కోస్తా, రాయలసీమ భగ్గుమన్నాయి. అదే జై ఆంధ్ర ఉద్యమం. ముఖ్యమంత్రి పీవీ నరసింహారావు ప్రభుత్వం పోయి, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది.

న్యాయమూర్తులను తప్పుపట్టడం నాకు సబబనిపించదు. రాజ్యాంగంలో చోటు చూపకుండా వాగ్దానం చేసిన నాయకులదే అసలు బాధ్యత. ఆ చోటు 1973 నాటి ఆరు సూత్రాల పథకంతోనే దొరికింది. 32వ సవరణ 371డి అధికరణాన్ని చేర్చింది, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు రాష్ట్రాన్ని ఆరు జోన్లు చేశాయి. అందులోనూ ఒక లోపముంది. ఉద్యోగుల ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే రద్దు చేసుకునే వీలు కల్పించారు. కక్షిదారే తీర్పును తుడిచేసే ఆ ఏర్పాటును 1987లో సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

అమలు మాత్రం కుంటుతూనే సాగింది. ఉల్లంఘనలు సరిదిద్దడానికి 1985 డిసెంబరులో జీవో 610 ఇచ్చి, ఏళ్లతరబడి పక్కన పెట్టారు. 2009 అక్టోబరులో, రాష్ట్రపతి ఉత్తర్వుల్లోని 14(ఎఫ్) ప్రకారం పోలీసు నియామకాలకు హైదరాబాద్ ఫ్రీజోనేనని, అంటే స్థానికత నిబంధన అక్కడ వర్తించదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెలంగాణలో నిరసన రేగింది, టీఆర్ఎస్ అధినేత కేసీఆర్ ప్రత్యేక రాష్ట్రం కోసం నవంబరు 29న నిరాహార దీక్షకు దిగారు. చివరికి 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది.

371డి ఇప్పుడు రెండు రాష్ట్రాలకూ వర్తిస్తోంది. 2018లో తెలంగాణకు ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లతో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. రెండు ప్రభుత్వాలకూ నా విన్నపం ఒకటే: స్థానికత నిబంధనలు నోటిఫికేషన్‌కు ముందే తేల్చండి, నిరుద్యోగుల వయసు కోర్టు వాయిదాల్లో కరిగిపోనివ్వకండి.