చేపలు పోకూడదని...

చెరువు నిండితే మా అమ్మమ్మగారి ఊళ్ళో పెద్దవాళ్ళు మొదట అడిగే మాట, "అలుగు పారుతోందా?" అని. అదేమంత అడగాల్సిన సంగతో నాకప్పుడు అర్థమయ్యేది కాదు. అమెరికాలోని జాన్స్‌టౌన్ కథ చదివాక అర్థమైంది.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆ ఊరికి 14 మైళ్ళ ఎగువన, కొండల నడుమ ఒక మట్టికట్ట ఉండేది. ఎత్తు 72 అడుగులు, పొడవు 931 అడుగులు. పడవల కాలువకి నీళ్ళివ్వడానికని ప్రభుత్వం కట్టించగా 1853లో పూర్తయింది. రైళ్ళొచ్చాక కాలువతో పని తీరిపోయింది. చివరికి 1879లో పిట్స్‌బర్గ్ శ్రీమంతులు దాన్ని కొనుక్కుని వేసవి విహారానికి క్లబ్బు పెట్టుకున్నారు. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కూడా అందులో సభ్యుడే.

పడవ షికార్లు, చేపల వేట, ఒడ్డున అందమైన ఇళ్ళు! మరి కట్ట సంగతో? అడుగునున్న ఇనప తూము గొట్టాల్ని అంతకుముందు యజమానే పీకించి పాత ఇనుము కింద అమ్మేశాడు. క్లబ్బువారు మళ్ళీ వేయించలేదు. ఇక మరమ్మతు చేద్దామన్నా నీళ్ళు దించే దారి లేదన్నమాట. పైగా, గుర్రబ్బళ్ళు ఎదురుబదురుగా పోవడానికి కట్ట పైభాగాన్ని కోసి వెడల్పు చేశారు. ఎత్తు తగ్గింది. కొని తెచ్చి వదిలిన చేపలు కొట్టుకుపోకూడదని అలుగుకి ఇనప జల్లెడ బిగించారు!

దిగువనున్న ఇనప కంపెనీ 1880లో తన ఇంజనీరు జాన్ ఫుల్టన్‌ని పంపి చూపించింది. తూము లేదు, మరమ్మతు సరిగా లేదు అని ఆయన రాసిచ్చాడు. ఖర్చులో మేమూ కొంత పెట్టుకుంటామంది కంపెనీ. మీకొచ్చిన భయమేం లేదు పొమ్మంది క్లబ్బు.

1889 మే 31. రాత్రంతా కుండపోత. తూము దగ్గర మెతుకులు అడ్డుపడితే వంటిల్లు ఏమవుతుందో మనకి తెలుసుగా? కొమ్మలూ చెత్తా వచ్చి జల్లెడకి అడ్డంపడ్డాయి. కూలీలు పక్కన కొత్త కాలువ తవ్వారు. చాలలేదు. నీళ్ళు మట్టికట్ట మీంచి పొర్లితే వెనక వాలు కోసుకుపోతుంది. మధ్యాహ్నం మూడు దాటాక కట్ట తెగింది. సుమారు గంటలో వరద జాన్స్‌టౌన్ మీద పడింది. 2,209 మంది పోయారు. 99 కుటుంబాల్లో ఒక్కరూ మిగల్లేదు.

రెడ్‌క్రాస్ క్లారా బార్టన్ 67 ఏళ్ళ వయసులో వచ్చి, అక్టోబరు దాకా అక్కడే ఉండి సాయం చేసింది. కార్నెగీ ఊరికి గ్రంథాలయం కట్టించాడు. కోర్టుల్లో మాత్రం క్లబ్బుది తప్పని తేలలేదు. అంతా దైవఘటన!

దైవం మీదకి నెట్టేయడం ఎంత సులువు! తెలంగాణా పల్లెల్లో చెరువు కట్ట మీద కట్టమైసమ్మ తల్లి ఉంటుంది. ఆమెకి దణ్ణం పెట్టిన చేతులే పార పట్టి కట్టకి మట్టి కూడా వేసేవి. ఆ నీళ్ళే వాళ్ళ అన్నం కనక. షికారు చెరువుకి ఆ భయం ఉండదు. సరదా పైవాళ్ళది, ప్రాణాలు కిందివాళ్ళవి.

ఈసారి పిల్లల్ని బోటు షికారుకి తీసుకెళ్ళినప్పుడు, నీళ్ళతోపాటు అలుగు కూడా చూపించండి. దానికి చెత్త అడ్డంపడి ఉంటే చూసి ఊరుకోకండి, ఎవరికైనా చెప్పండి.