కుంబారపేట మట్టి నుంచి వంటింటి స్లైమ్ దాకా

బంగారం తునకలను అతికేటప్పుడు కంసాలి వాడే తెల్లటి పొడి వెలిగారం. సంస్కృతంలో దాని పేరు టంకణం. ఒకప్పుడు టిబెట్, లద్దాఖ్‌ల నుంచి హిమాలయాల కనుమలు దాటి మన బజార్లకు వచ్చి, ఇక్కడి నుంచి యూరప్‌కు వెళ్లేది. ఆ టంకణమే అక్కడివాళ్ల నోట 'టింకాల్' అయింది. బెంగళూరు నగరత్‌పేటలో నగలు చేసేవాళ్లకు పాత నేస్తమైన ఈ వెలిగారం, పదేళ్లుగా అదే ఊళ్లో పిల్లల ఆటలోకీ వచ్చింది. జిగురులో వెలిగారం నీళ్లు కలిపితే వచ్చే సాగుడు ముద్దే స్లైమ్.

వేసవి సెలవుల్లో ఏ అపార్ట్‌మెంట్ వంటింట్లోనైనా కనిపించే దృశ్యమిది. గిన్నెలో తెల్లటి జిగురు, అందులో రెండు చుక్కల రంగు. అమ్మ ఒక్కో చెంచా వెలిగారం నీళ్లు పోస్తుంటే ఐదేళ్ల పాప గరిటె తిప్పుతుంది. అంతవరకు పాలలా జారిన జిగురు ఉన్నట్టుండి గిన్నె అంచు వదిలి గరిటెకు చుట్టుకుంటుంది. నీళ్లు తక్కువైతే వేళ్లకు అంటుకుంటుంది, ఎక్కువైతే రబ్బరులా తెగిపోతుంది. జిగురులోని అణువులు పొడవాటి దారాల్లాంటివి. వెలిగారం వాటిని అక్కడక్కడా వదులుగా ముడివేస్తుంది. మెల్లగా లాగితే ముడులు విడిపోయి మళ్లీ పడతాయి కాబట్టి ముద్ద సాగుతుంది. గట్టిగా గుంజితే ఆ వ్యవధి ఉండదు, తెగుతుంది. ఈ మాటలేవీ పాపకు తెలియవు. కానీ రెండోసారి చేసేటప్పుడు మాత్రం, చెంచా నిండకముందే "చాలమ్మా" అంటుంది.

ఆ "చాలు" బెంగళూరుకు కొత్త కాదు. 1537లో కెంపేగౌడ కట్టించాడని చెప్పే పేటలో వీధులకు వృత్తుల పేర్లే పెట్టారు. బళెపేట గాజులది, అక్కిపేట బియ్యానిది, గాణిగరపేట నూనె గానుగలది, కుంబారపేట కుమ్మరులది. కుమ్మరి ఇంట్లో పిల్లలకు సారె అందేది చాలా ఆలస్యంగా. అంతకుముందు మట్టిలో రాళ్లు ఏరాలి, నీళ్లు చల్లాలి, కాళ్లతో తొక్కాలి, ముద్దలు చెయ్యాలి. పదును కుదిరిందో లేదో వేలితో నొక్కి చెప్పగలిగిన పిల్లవాడికే సారె దగ్గర చోటు. తర్వాత కంటోన్మెంటు వైపు వెలసిన పాటరీ టౌన్‌లో ఇప్పటికీ కుండలు, ప్రమిదలు తయారవుతున్నాయి. చవితి ముందు అక్కడ గౌరీ గణపతుల బొమ్మలు వరుసలు తీరుతాయి. 2016లో కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను నిషేధించింది. ఇప్పుడు చవితి వస్తోందంటే బడుల్లోనూ ఇళ్లలోనూ పిల్లల ముందు బంకమట్టి ముద్దలు చేరుతున్నాయి.

విదేశాల్లో ఇదే ఆట కంపెనీ సరుకైంది. అమెరికాలోని సిన్సినాటిలో గోడకాగితాల మసి తుడవడానికి చేసిన పిండిముద్దను ఒక నర్సరీ టీచర్ పిల్లల చేతికిచ్చింది. 1956లో అదే ప్లే-డో పేరుతో బొమ్మల దుకాణాలకెక్కింది. 1976లో మ్యాటెల్ కంపెనీ చిన్న చెత్తడబ్బాల్లో ఆకుపచ్చ స్లైమ్ అమ్మింది. దాని జిగురు గ్వార్ గమ్, అంటే మనం కూర వండుకునే గోరుచిక్కుడు గింజల పిండి. ప్రపంచంలో ఆ పంట ఎక్కువగా పండేది మన దేశంలోనే, అందులోనూ రాజస్థాన్‌లో.

ముద్దతో పిల్లలు ఏం నేర్చుకుంటారన్నది స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఝాఁ పియాజే పరీక్షించి చూశాడు. సమానమైన రెండు మట్టి ఉండలు చూపి, ఒకదాన్ని పాములా పొడుగ్గా చేసి, ఏది ఎక్కువని అడిగాడు. చిన్న పిల్లల్లో చాలామంది పొడుగ్గా ఉన్నదే ఎక్కువన్నారు. దాదాపు ఏడేళ్లు వచ్చేసరికి ఆకారం మారినా మట్టి అంతేనని చెప్పగలిగారు. రోజూ ముద్దను సాగదీసి మళ్లీ ఉండ చేసే పిల్లలు ఆ సంగతిని తమ చేతులతోనే సరిచూసుకుంటారు.

ఘనమా ద్రవమా అని తేల్చుకోలేని పదార్థాలపై బెంగళూరు శాస్త్రవేత్తలూ జీవితాలు వెచ్చించారు. సి.వి. రామన్ మేనల్లుడు ఎస్. చంద్రశేఖర్ 1971లో రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ద్రవ స్ఫటికాల ప్రయోగశాల నెలకొల్పాడు. నాణేల్లాంటి చదునైన అణువులు దొంతరలుగా పేరుకుని ద్రవ స్ఫటికం కాగలవని 1977లో సదాశివ, సురేశ్‌లతో కలిసి ప్రపంచానికి మొదటిసారి చూపించాడు. ఆయన స్థాపించిన మరో కేంద్రం నేడు నానో, మృదు పదార్థ శాస్త్రాల సంస్థగా అదే నగరంలో పనిచేస్తోంది. స్లైమ్ ద్రవ స్ఫటికం కాదు. అయినా బంకమట్టి, స్లైమ్, ద్రవ స్ఫటికం మూడూ ఆ మృదు పదార్థాల కుటుంబానివే.

మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటే చదువు కావాలని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. దాన్ని రూపొందించిన సంఘానికి అధ్యక్షుడు కస్తూరిరంగన్, ఇస్రో అధిపతిగా బెంగళూరులోనే పనిచేసినవాడు. కాబట్టి ఇంట్లో జిగురు ఆట వద్దనకండి. వెలిగారం విషయంలో మాత్రం జాగ్రత్త తప్పదు. అది కడుపులోకి పోతే హాని. జిగట బొమ్మల్లో నుంచి వెలువడే బోరాన్ కిలోకు 300 మిల్లీగ్రాములు దాటకూడదని యూరప్ చట్టం. వెలిగారం పొడిని పెద్దవాళ్లే కొలిచి కలపాలి, డబ్బా పిల్లలకు అందకూడదు, ఆట అయ్యాక చేతులు సబ్బుతో కడిగించాలి. కొనే స్లైమ్‌కైతే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి బొమ్మలకు అది తప్పనిసరి. మూడేళ్ల వాళ్లకు వెలిగారమే వద్దు. కార్న్‌ఫ్లోర్‌లో సగం కొలత నీళ్లు కలిపి ఇవ్వండి. గుద్దితే గట్టిపడుతుంది, వేలు మెల్లగా దింపితే మునుగుతుంది. ఎందుకలా అని వాళ్లు అడిగేదాకా పక్కనే కూర్చోండి.