మేస్త్రి బుక్కులో మా నాయిన

పాలమూరు లేబర్ అంటే దేశంలోని కంట్రాక్టర్లందరికీ ఎరుకే. డ్యాములు, కాల్వలు, రోడ్లు, రైలు కట్టలు - మట్టిపని ఎక్కడుంటే అక్కడ మావోళ్లే. ఆ లేబర్‌కు పెండ్లాం పిల్లలున్నరు, ఒక చరిత్ర ఉన్నది. అది ఇంజనీర్ల రికార్డుల్లో దొరకదు. మా నాయిన సంగతి చెప్తే అందులో కొంతన్నా రాసినట్టయితది.

మేం మాదిగోళ్లం. నాయిన ఎనిమిదేండ్లకే ఒక ఆసామి ఇంట్ల బర్లు కాసే జీతానికి కుదిరిండు. తాత చేసిన అప్పు పిల్లగాని రెక్కల మీద పడ్డది. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. మా వాడకొచ్చి ఆ ముచ్చట చెప్పినోడు లేడు. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సుతో ఆసామి బాకీ కట్టి, నాయిన శ్రీశైలం డ్యామ్ పనికి పోయిండు. ఒక అప్పు తీరి ఇంకో అప్పు మొదలైంది. ఆ డ్యామ్ నీళ్లు 1996లో చెన్నై దాకా పోయినయి. మా ఊరి చెరువు ఎండే ఉండె.

పెండ్లయినంక అమ్మ కూడా ఆయనెంట నడిచింది. మొగుడు పెండ్లాలను కలిపి మేస్త్రి ఒక జత అంటడు. తవ్వుడు మొగోనిది, తట్ట మోసుడు ఆడదానిది. బుక్కులో మాత్రం మొగోని పేరొక్కటే. తిండిగింజలు, సూదిమందు, జరమొచ్చి పండుకున్న నాగాలు, అన్నీ అప్పు కిందనే ఎక్కుతుండె. ఆడ, మొగకు సమాన కూలి ఇయ్యాలన్న చట్టం కూడా 1976లోదే. వేరే రాష్ట్రానికి తోలుకపోయే ప్రతి కూలికి ఫోటోతో పాస్‌బుక్ ఇయ్యాలని 1979 చట్టం చెప్పింది. మా నాయిన ఫోటో దిగింది రేషన్ కార్డుకే.

నాయినకు చదువు రాదు. నులకతాడుకు ముడ్లేసి లెక్క పెట్టేటోడు. దినానికి తనదొక ముడి, పక్కన అమ్మదొక ముడి. ఒక ఏడు లెక్కలనాడు ఆ తాడు మేస్త్రి ముంగట పడేసి, "దీని రెక్కల కష్టం యేడ రాసినవో చూపెట్టు" అని అడిగిండట. "ఆడిదాని లెక్క మొగోని లెక్కలనే ఉంటది" అని మేస్త్రి నవ్విండట. మరుసటేడు ఆ గుంపులో వీళ్లిద్దరికీ పని లేదు. ఈ ముచ్చట నాకు అమ్మనే చెప్పింది.

నాయిన దేవుడేం కాదు. తాగేటోడు. అమ్మ మీద చెయ్యి లేపిన దినాలూ ఉన్నయి. అమ్మ అవేవీ దాయదు. "అయినా చేతికొచ్చిన పైసలు నా కొంగులనే పోసేటోడు" అని అదీ చెప్తది.

నన్ను అవ్వ కాడ విడిచి పోయేటోళ్లు. తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టల్ల ఏసిండ్రు. పదో తరగతిలో ఉన్నప్పుడు నన్ను కూడా పనికి తెమ్మని మేస్త్రి అడిగితే, "నా ఇంట్ల ఇంకో తట్ట పుట్టలే" అన్నడు.

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైంది. మొదటి విడతలనే మా జిల్లా ఉండె. జాబ్ కార్డులో అమ్మ పేరు విడిగా పడ్డది. "యేడున్నదో వేలు పెట్టి చూపెట్టు" అని నాయిన నన్ను అడిగిండు. చూపిస్తే చాలాసేపు ఆ అక్షరాలనే చూసుకుంట కూసున్నడు. కానీ ముడ్లేసుడు బందు పెట్టలేదు. పడ్డ కూలిని తాడుతో సరిచూసేటోడు.

2017లో నాయిన పోయిండు. అప్పటికే నడుము వంగి, మోకాళ్లు అరిగిపోయినయి.

విద్యార్థి మిత్రులారా, పరిశోధన కోసం పాత దస్తావేజులు తిరగెయ్యండి, మంచిదే. దానికంటే ముందు మీ అమ్మను, నాయినను కూసోబెట్టుకొని అడగండి. ఏ సైటు, ఏ ఏడు, ఎంత అడ్వాన్సు, ఎన్ని నాగాలు, ఎవలి పేరు బుక్కుల ఎక్కలేదు అని రాసుకోండి. వాళ్లు పోతే ఆ లెక్క చెప్పేటోళ్లు ఉండరు. అమ్మ చెప్తుంటే నేను రాస్తున్న. ఇప్పటికి పదకొండు సైట్లు తేలినయి. ఇంకా ఉన్నయంటున్నది.