చావు కబురు నడిచిన దారి

ప్రత్యేక సంచికకు పాత సంగతులేమైనా రాయమని సంపాదకులు అడిగారు. ముప్ఫై ఏడేళ్ళు తపాలా శాఖలో పనిచేసినవాణ్ణి కనుక, ఇంటింటికీ టపా రాని రోజుల్లో మన పల్లెల్లో కుటుంబ వార్తలు ఎలా చేరేవో రాయడం బాగుంటుందనిపించింది. నేను చెప్పేది పందొమ్మిదో శతాబ్దపు కోస్తా పల్లెల మాట.

పెళ్ళి కబురుకు అంత తొందర ఉండేది కాదు. నాలుగు మూలలా పసుపు పూసిన శుభలేఖ సంతకు పోయేవాళ్ళ చేతనో, తీర్థానికి వచ్చినవాళ్ళ చేతనో నెమ్మదిగా చేరేది. చావు కబురు అలా కాదు. ఏరు దాటి, రాత్రికి రాత్రి మనిషి నడవాలి. ఆ నడిచేవాడు ఊరి వెట్టివాడో, చాకలో, మంగలో అయ్యేవాడు. గుమ్మం బయట నిలబడి చెప్పి, వాళ్ళు పోసిన గింజలు పైగుడ్డలో మూటగట్టుకుని అటునుంచి అటే తిరిగిపోయేవాడు. మన వంశవృక్షాల్లో ఏడు తరాల తాతల పేర్లు ఉంటాయిగాని, వాళ్ళ చావు కబుర్లు మోసినవాళ్ళ పేరు ఒక్కటీ ఉండదు.

అంత తొందర ఎందుకంటే, ఆచారం పాటించే ఇళ్ళలో మైల లెక్కంతా కబురు అందిన రోజును బట్టి ఉండేది. పది రోజుల లోపల తెలిస్తే మిగిలిన రోజులే మైల. ఆ తర్వాత తెలిస్తే మూడు రాత్రులు. ఏడాది దాటి తెలిస్తే స్నానంతో సరి. ఏరు పొంగి కబురు ఆగిపోతే, ఇక్కడ తమ్ముడి పదోరోజు జరుగుతుండగా అక్కడ అన్నగారింట పెళ్ళి బాజాలు మోగడమూ వింత కాదు.

ఇక దూరదేశం పోయినవాడి సంగతి చెప్పనక్కరలేదు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని ఊరికే అనలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన సుప్రీంకోర్టు ఉద్యోగి, వెంట పెద్ద పరివారం. దారి పొడుగునా మిత్రుడికి రాసిన ఉత్తరాలే తర్వాత కాశీయాత్ర చరిత్ర అయినాయి. ఆయనలా రాయగల యాత్రికులు ఎందరుంటారు? తక్కినవాళ్ళ ఇళ్ళలో ఎదురుచూపే.

1854 అక్టోబరు నుంచి దేశమంతటా దూరంతో నిమిత్తం లేకుండా తేలిక ఉత్తరానికి అర్ధణా బిళ్ళ చాలన్నారు. 1879 జూలైలో పావు అణా కార్డు వచ్చింది, మరుసటి ఏడు మనియార్డరు. కార్డుకు కవరు లేదు కదా, ఇంటివాళ్ళకంటే ముందు ఊరికే సంగతి తెలిసేది! చదువు రాని ఇళ్ళలో పోస్టుమానే చదివి వినిపించాలి. అశుభమైతే కార్డు మూల చింపి పంపేవారు. ఆ మూల చూడగానే చదవకుండానే ఏడుపు మొదలు. నేను 1965లో చేరినప్పటికీ ఈ ఆనవాయితీ ఉంది. మూల చింపిన కార్డు సంచిలో ఉన్న రోజున సైకిలు ఎంత తొక్కినా సాగేది కాదు.

ఇంతకూ నేను రాయాలనుకున్నది మా నాయనమ్మ తల్లి సంగతి. ఆ రోజుల్లో గోదావరి, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలమంది రంగం పోయేవారు. కాకినాడలో ఓడెక్కి రంగూను రేవులో, వడ్ల మిల్లుల్లో కూలికి కుదిరేవారు. మా ముత్తాత 1890 ప్రాంతంలో అలా వెళ్ళాడు. బర్మా 1937 దాకా ఇండియాలో భాగమే కనుక అక్కడినుంచి కార్డుకైనా ఇక్కడి ధరే. మొదట మూడు మనియార్డర్లు, నాలుగైదు కార్డులు వచ్చాయట. తర్వాత ఏమీ లేదు.

పన్నెండేళ్ళు జాడ తెలియకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపించాలని శాస్త్రం. ఆ గడువు రాగానే ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. అతను అక్కడ మరో సంసారం పెట్టాడని కొందరు, కలరాలో పోయాడని కొందరు. పురోహితుడు ముహూర్తం కూడా చూశాడు. కర్మ జరిగితే బొట్టూ గాజులూ తీసెయ్యాలి, పేరంటాలకు పిలుపు ఉండదు. జరగకపోతే పిల్ల పెళ్ళికి సంబంధం వచ్చినవాళ్ళు తండ్రి ఉన్నాడా లేడా అని అడుగుతారు. ఊరివాళ్ళ పట్టుదలలో దుర్మార్గమే ఉందని నేననను, లెక్క తేలని ఇల్లు వాళ్ళకు ఇబ్బంది. ఆవిడ మాత్రం, "కార్డు రానీండి, అప్పుడు తీస్తాను" అన్నదట. పిల్ల పెళ్ళి రెండేళ్ళు ఆలస్యమైంది, అయినా జరిగింది.

అప్పటికి 1899 చట్టం వచ్చి, పల్లెల్లోనూ జనన మరణాలు రిజిస్టరులో ఎక్కించే పద్ధతి పాదుకుంటున్నది. అంతకుముందు ఎవరి వయసైనా "1864 బందరు ఉప్పెన నాటికి నడుస్తున్నాడు", "ధాత కరువులో పుట్టాడు" అనే లెక్కే. (మన సర్వీసు రిజిస్టర్లలో పుట్టినరోజులు కూడా చాలావరకు బడిపంతులుగారి దయే కదా!) రంగంలో పోయినవాడికి మా ఊరి రిజిస్టరులో చోటు లేదు.

ఆవిడ 1921లో బొట్టుతోనే పోయింది. ఆ తర్వాతే కొడుకు తండ్రికి కర్మ చేశాడు. తిథి తెలియదు కనుక ఏటా అమావాస్యనాడు తద్దినం పెట్టేవాడు.