నవాబుపేట మెట్టలో చూడవలసినవి, చేయవలసినవి

వికారాబాద్ జిల్లాలో ఏం చూడాలని అడిగితే ఎవరైనా అనంతగిరి కొండలు, అనంతపద్మనాభస్వామి గుడి అని చెబుతారు. అవి చూడదగ్గవే. అయితే నవాబుపేట వంటి వ్యవసాయ మండలంలో, దాని చుట్టుపక్కల తండాల్లో చూడవలసింది ఇంకా చాలా ఉంది. అది నేలలోనూ నీళ్లలోనూ రైలు పట్టాలలోనూ పహాణీ కాగితాలలోనూ కనిపించే మన చరిత్ర. మన యువకులకు, ఉపాధ్యాయులకు దానినే చూపించాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మొదట నేలను చూడండి. సముద్రమట్టానికి ఆరువందల మీటర్ల ఎత్తు దాటిన దక్కన్ పీఠభూమి ఇది. ఒక చెలకలో ఎర్రమట్టి, నాలుగు అడుగులు దాటితే నల్లరేగడి. వానాకాలం తేమను పట్టి ఉంచే నల్లరేగడి ఉన్నచోట కంది బాగా వస్తుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది అలాంటి నేలలదే. ఏ మట్టిలో ఏ గింజ వేయాలో పేరు పేరునా చెప్పగల ముసలివాళ్లు మన తండాల్లో ఇంకా ఉన్నారు.

తర్వాత నీళ్లు. అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పుకు పారుతుంది. అటు కాగ్నా పడమరకు తాండూరు మీదుగా కర్ణాటకలోకి వెళ్లి భీమాలో కలుస్తుంది. చివరకు రెండు నీళ్లూ కృష్ణకే చేరతాయి. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచింది. ఆ తర్వాతే 1920లో గండిపేట చెరువు కట్టడం పూర్తయింది. అంటే మన గుట్టల మీద పడ్డ వాన నగరం చరిత్రను మార్చింది. మన వాగు మీద ఏం జరిగినా కింద ఉన్నవాళ్లకు తగులుతుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

మూడోది రైలు పట్టాలు. నిజాం కాలంలో సికింద్రాబాదు నుంచి వాడి దాకా వేసిన రైలుమార్గం 1874లో మొదలైంది. అది మన ప్రాంతం మీదుగానే పోతుంది. రైలు రాకముందు ఉప్పు, ధాన్యం ఎవరు మోసేవారు? మన పూర్వీకులే. వేల ఎద్దుల మీద గోనెలు వేసుకుని లదేణి నడిపేవారు. మొఘలుల సైన్యాలకు, నిజాం సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది కూడా వారే. రైలూ రోడ్డూ వచ్చాక ఆ బతుకుతెరువు పోయింది. ఎద్దుల మందలతో తిరిగినవారు అడవి అంచున, గుట్ట పక్కన, ఎవరికీ పట్టని రాళ్ల నేలలో తండాలు కట్టుకున్నారు. తండా ఊరికి దూరంగా ఎందుకుందని అడిగే పిల్లవాడికి జవాబు అక్కడ ఉంది.

నాలుగోది కాగితం. నవాబుపేట అన్న పేరులోనే పాత పాలన గుర్తుంది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ భూమి లెక్కలకు ఆధారమైంది. సాగు చేస్తున్నా ఆ కాగితంలో పేరు ఎక్కనివారి కష్టం మనుమల దాకా వచ్చింది. ఆంధ్ర ప్రాంతపు సుగాలీలు అంతకుముందే షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నా, తెలంగాణ లంబాడీలకు ఆ గుర్తింపు 1976 చట్టంతో వచ్చి 1977లో అమలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో అనేక తండాలు సొంత పంచాయతీలయ్యాయి.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. హైదరాబాదు దగ్గరవుతున్నకొద్దీ గుట్ట పక్క చెలకలు ఫామ్‌హౌసులవుతున్నాయి. గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకుండా ఆపే 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తుంది. మన జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. పట్టా భూమికి ఆ రక్షణ లేదు. ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమికి మాత్రం 1977 నాటి 9వ చట్టం ఉంది. దాన్ని అమ్మడం, కొనడం చెల్లదు. పెళ్లికో, ఆసుపత్రికో అప్పు చేసి భూమి అమ్ముకున్న ఇంట్లో మరుసటి తరం అదే చెలకకు కావలివాడుగా చేరుతుంది. నేలను అమ్మితే డబ్బు వస్తుంది. కానీ ఆ నేల మీద ఉన్న తెలివి, తండా పేరు, పశువుల బాట దాంతోపాటే పోతాయి.

అందుకని చేయవలసినవి నాలుగు చెబుతున్నాం. ఉపాధ్యాయులు ఒక రోజు పిల్లలను వాగు వెంట నడిపించి, నీళ్లు ఎటు పోతున్నాయో పటం గీయించాలి. చదువుకున్న యువకులు తండాలో ఇంటింటి భూమి పట్టాదా, అసైన్డా అన్నది పాత పహాణీలతో సరిచూసి పెద్దలకు చదివి వినిపించాలి. గోర్ బోలికి సొంత లిపి లేదు కాబట్టి విత్తనాల, గడ్డి, పశువుల పేర్లు తెలుగు లిపిలోనైనా రాసి దాచాలి. యాడి, బాటి అన్న మాటలు అందరికీ వస్తాయి, లదేణి మాటలే మరుగవుతున్నాయి. శ్రావణంలో తీజ్‌కు ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. అప్పుడు మగపిల్లలు కూడా దగ్గర కూర్చుని, ఆ మొలకకూ మన వ్యవసాయానికీ ఉన్న సంబంధం అవ్వలను అడగాలి.

చూడ్డానికి వచ్చేవారు వస్తారు, ఫొటోలు తీసుకుని పోతారు. ఈ మెట్ట కథ చెప్పవలసింది ఇక్కడ దున్నేవాళ్లే. కథ చెప్పాలంటే ముందు కాళ్ల కింద నేల మనదిగా ఉండాలి.