బూడిదదిబ్బలు చెప్పిన పశువుల కథ

బళ్లారి, రాయచూరు, అనంతపురం, మహబూబునగరం ప్రాంతాల మెట్టభూములలో అక్కడక్కడ పెద్ద బూడిదదిబ్బలు కలవు. కొన్నిచోట్ల బూడిద మెత్తగా పొడివలె ఉండును. మరికొన్నిచోట్ల అది గాజువలె కరిగి, ఇనుప చిట్టెమువలె గట్టిపడి కనిపించును. ఇవి పూర్వము హతులైన రాక్షసుల చితాభస్మమని ప్రజలు చెప్పుకొనేవారు.

పండితులలో సైతము ఏకాభిప్రాయము లేకపోయినది. అగ్నిపర్వతము చిమ్మిన బూడిద అని కొందరు, ఇనుము కరిగించిన కొలుముల శేషమని కొందరు, సామూహిక దహనముల గుర్తులని మరికొందరు ఊహించారు. భూగర్భశాస్త్రజ్ఞుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రము ఇది కాలిన పశువుల పేడ అయి ఉండునని అభిప్రాయపడ్డారు. ఆ ఊహ సరియైనదేనని ఫ్రెడరిక్ జాయ్నర్ బూడిదను పరీక్షించి 1960లో ప్రకటించారు.

కాలిపోయిన పేడను గుర్తించుట ఎట్లు? పశువు మేసిన గడ్డిలో సిలికా అనే ఇసుకజాతి పదార్థము ఉండును. అది కడుపులో జీర్ణము కాదు, నిప్పులో దగ్ధము కాదు. మంట మిక్కిలి తీవ్రమైనప్పుడు మాత్రము బూడిదలోని క్షారాలతో కలిసి కరుగును. చిట్టెమువంటి గడ్డలు ఏర్పడుటకు కారణమిదే.

పేడ సరే, ఆ పశువులు పెంపుడువా, అడవివా? దీనికి సమాధానము పూర్వపు మహబూబునగరం జిల్లా మక్తల్ తాలూకాలోని ఉట్నూరులో లభించినది. అక్కడ 1957లో ఆల్చిన్ త్రవ్వకాలు జరిపారు. బూడిద పొరల క్రింద వరుసలుగా గుంజల గుంతలు బయటపడినవి. అవి తాటిమ్రానులతో కట్టిన పశువులదొడ్డి ఆనవాళ్లు. అంతకంటె ఆశ్చర్యకరమైనవి పశువుల గిట్టల ముద్రలు. మెత్తని నేలను త్రొక్కిన గిట్టల గుర్తులపై మరల బూడిద కప్పుకొనుటచే, అవి నాలుగువేల ఏండ్లకు పైగా చెక్కుచెదరలేదు. దొడ్డిని కట్టుట, పేడ పేరుకొనుట, దానిని కాల్చుట, మరల కట్టుట పలుమారులు జరిగినట్లు పొరలే సాక్ష్యమిచ్చినవి.

ఎముకలు ఈ కథను పూర్తి చేయును. పళ్లు మొలిచిన తీరును, అరిగిన తీరును బట్టి పశువు ఏ వయస్సులో చనిపోయినదో తెలియును. కటి ఎముక ఆకారమును బట్టి ఆవో ఎద్దో చెప్పవచ్చును. ఎముకపై సన్నని గాట్లు ఉన్నచో, రాతికత్తితో మాంసము కోసిరని అర్థము. కర్ణాటకలోని బూదిహాళు వద్ద పద్దయ్యగారు జరిపిన త్రవ్వకాలలో పశువులను కోసిన నేలయే బయటపడినది. అనగా ఆ నవీనశిలాయుగపు ప్రజలకు పశువు పాడికే కాక ఆహారమునకు కూడ ఆధారము.

పేడను అన్ని మార్లు ఎందుకు తగులబెట్టిరి? పశువుల మందలు మేతకై తరలిపోవు వేళ, లేదా తిరిగివచ్చిన వేళ జరిపిన పండుగ మంటలై ఉండవచ్చునని ఆల్చిన్ ఊహించారు. ఇది ఊహయే. దొడ్డి, గిట్టల ముద్ర, ఎముక మాత్రము కంటికి కనిపించు సాక్ష్యములు.

ఆ ప్రజలు ఒక్క అక్షరమైనను వ్రాసి ఉంచలేదు. వారి జీవితమును మనకు తెలిపినవి వారు పారవేసిన పేడ, ఎముకలే. కాని పొలములకు ఎరువుగా తోలుకొనిపోవుటచే అనేక దిబ్బలు రూపుమాసినవి. బండికెత్తిన బూడిద పైరుకు బలమిచ్చును. దానితో పాటు పొరల క్రమము చెదరిపోవును, గిట్టల ముద్ర చెరగిపోవును. ఒకసారి చెరగిన పుటను తిరిగి చదువుట ఏ శాస్త్రమునకూ సాధ్యము కాదు.