మన మగ్గాల లెక్క, పైవాళ్ళ నిర్ణయం

ప్రభుత్వంలో ఉన్నవారు మన బతుకు గురించి నిర్ణయం చేసేటప్పుడు ప్రతి మగ్గం దగ్గరికీ వచ్చి చూడలేరు. వారి ముందు ఒక నివేదిక, అందులో కొన్ని అంకెలు ఉంటాయి. ఆ అంకెలతో వారేం చేశారన్నది కూడా మన చరిత్రే. మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

బ్రిటిష్ వారి కాలంలో చేనేత బట్టకు దేశమంతటికీ సరైన లెక్క లేదు. నూలు మొత్తం ఎంత, అందులో మిల్లులు వాడుకున్నది ఎంత అని చూసి, మిగిలినదాన్ని బట్టి మన బట్టను అంచనా కట్టేవారు. 1941లో పి.జె. థామస్ గారి అధ్యక్షతన నిజ నిర్ధారణ కమిటీ వేశారు. దేశంలో దాదాపు 20 లక్షల మగ్గాలు ఉన్నాయని 1942లో ఆ కమిటీ చెప్పింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఒరిస్సాకు చెందిన నిత్యానంద కానుంగో గారి కమిటీ 1954లో నివేదిక ఇచ్చింది. ఒక మగ్గం మీద రోజుకు ఎన్ని గజాలు దిగుతాయన్నది వారు ముఖ్యంగా చూశారు. చాలా తక్కువని తేల్చి, కష్టమైన డిజైన్లు నేసేవి తప్ప మిగతా చేతిమగ్గాలను 15-20 ఏళ్ళలో మరమగ్గాలుగా మార్చమన్నారు. మరుసటి ఏడాదే, 1955లో, కార్వే కమిటీ వచ్చింది. వీరు చూసింది ఎంతమందికి పని దొరుకుతుందన్నది. మిల్లుల ఉత్పత్తిని ఉన్నచోట ఆపి, పెరిగే గిరాకీని చేనేతకు వదలమన్నారు.

మగ్గాలు అవే, నేతగాళ్ళూ వాళ్ళే. అడిగిన ప్రశ్న వేరు, అందుకే జవాబు వేరు. రెండో పంచవర్ష ప్రణాళిక కార్వే దారి పట్టింది. పంచెలు, చీరలు చేనేతకే వదలాలని మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ గారు అంతకుముందే కేంద్రాన్ని గట్టిగా అడిగి ఉన్నారు. నివేదిక బీరువాలో ఉంటే సరిపోదు, దాన్ని పట్టుకుని అడిగేవాళ్ళు కావాలి.

తరవాత ఇంకో తిరకాసు వచ్చింది. చిలపనూలు ఎంత పోయిందో చూసి చేనేత బట్ట ఎంతో లెక్క కట్టేవారు. ఆ చిలపల్లో కొంత మరమగ్గాలకు పోతూ ఉండేది. కాగితం మీద మాత్రం అది మనం నేసిన బట్టే! ఒక మరమగ్గం ఆరు చేతిమగ్గాల పని పోగొడుతుందని 1974లో శివరామన్ కమిటీ చెప్పింది. 1985లో చట్టం చేసి 22 రకాలు చేనేతకు కేటాయించారు. తరవాత అవి 11కు తగ్గాయి.

చేనేత జనగణనలో 1995-96లో మనం 65 లక్షల మంది. 2009-10లో 43 లక్షలు. 2019-20లో 35 లక్షలు. ఈ చివరి లెక్కలో పదిమందికి ఏడుగురు ఆడవాళ్ళే. అయినా మన ఇళ్ళలో ఇంకా ఏమంటాం? "ఆమె ఇంటి పనే చేస్తుంది" అంటాం. కండెలు చుట్టేదెవరు, ఆసు పోసేదెవరు?

షోలాపూరు, భివండీ పోయి మరమగ్గాలెక్కిన మనవాళ్ళు చేనేత లెక్కలోకి రారు. చేతిమగ్గం మీద ఉన్నవాళ్ళమైనా, కర్ణాటకలో ఉన్నా తమిళనాడులో ఉన్నా, లెక్కకు వచ్చినవారికి ఇంట్లో పనిచేసే ప్రతి ఒక్కరి పేరూ చెప్పి రాయించాలి. సంఘం రిజిస్టరులోనూ ఆడవాళ్ళ పేర్లు ఎక్కాలి. రేపు పైవాళ్ళు ఏ నిర్ణయం చేసినా, "మేము ఇంతమందిమి ఉన్నాం" అని అడగడానికి మన చేతిలో ఆ కాగితం ఉండాలి.